తల దించినవాడిదే తప్పు

మా తమ్ముడు గ్లెన్‌ను ఆటలో కొట్టినవాడికి ఐస్ హాకీ లీగ్ వాళ్ళు మూడు మ్యాచ్‌ల శిక్ష వేశారు. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి, మంగళవారం ఒకటి. ఆ పై శుక్రవారానికి వాడు మళ్ళీ మంచు మీద ఉన్నాడు. మావాడు మాత్రం పదకొండేళ్ళుగా పట్టపగలు కర్టెన్లు మూసుకుని కూర్చున్నాడు, అందులో ఎనిమిదేళ్ళు మా ఇంటి కింది గదిలోనే. ఈ సంగతి ఎవరికి చెప్పినా "ఆట అన్నాక దెబ్బలు తగలవా డార్లీన్" అంటారు. తగులుతాయి నాయనా, నాకు తెలియకనా? ఈ ఊరి రింక్‌లో, అంటే ఆ మంచు మైదానం దగ్గర, ఇరవై ఆరేళ్ళుగా బంగాళాదుంప వేపుడూ వేడి చాక్లెట్టూ అమ్ముతున్నదాన్ని. ఎన్ని పళ్ళు ఊడగా చూశానో నాకే గుర్తులేదు. నా కడుపుమంట దెబ్బ గురించి కాదు. ఆ మూడు మ్యాచ్‌ల శిక్ష మూడుకే ఆగడానికి కారణం మా గ్లెన్ నోటి నుంచి వచ్చిన ఒక్క మాట. ఆ మాట వాడు వెనక్కి తీసుకుందామన్నా తీసుకోనివ్వలేదు, దాని గురించి.

మాది కెనడాలో సస్కచెవాన్ రాష్ట్రం, కార్డెల్ అనే ఊరు. ఆరొందల మంది జనం, ఒక గోధుమల గిడ్డంగి, ఒక రింక్. నాన్న గిడ్డంగిలో పనిచేసేవాడు. నవంబరు వచ్చిందంటే పెరట్లో గొట్టంతో నీళ్ళు పట్టి, గడ్డకట్టించి, గ్లెన్‌ను దాని మీద నిలబెట్టేవాడు. వాడికప్పుడు ఐదేళ్ళు, నాకు పన్నెండు. ఆటలో కర్రతో తోసుకుపోయేది నల్లటి రబ్బరు బిళ్ళ. కొత్తగా నేర్చుకునే పిల్లలందరూ కాళ్ళ దగ్గరి బిళ్ళనే చూసుకుంటూ పోతారు. గ్లెన్ అలా చూసినప్పుడల్లా నాన్న చీపురు తిరగేసి హెల్మెట్ మీద టక్కున కొట్టేవాడు. "తల ఎత్తరా. బిళ్ళ ఎక్కడికీ పోదు, నీ తలే పోతుంది" అనేవాడు.

మావైపు చట్టం కూడా అదే. తల దించుకుని పోయి దెబ్బ తిన్నవాడిని చూసి ఎవరూ అయ్యో అనరు. తిన్నవాడే లేచి, దులుపుకుని, "తప్పు నాదే, తల దించాను" అనాలి. అలా అన్నవాడే మగాడు. రిఫరీ దగ్గరకెళ్ళి వాడు నన్ను కావాలని కొట్టాడని చెప్పుకున్నవాడు ఇక ఏ జట్టులోనూ తలెత్తుకుని తిరగలేడు. ముక్కునుంచి రక్తం కారుతున్న కొడుకుని పట్టుకుని, నా కొట్టు ముందు నిలబడి, ఏడుపాపి తల ఎత్తి ఆడటం నేర్చుకో అని కసిరిన తల్లులను నేనే చూశాను. వాళ్ళకి ఐసు ముక్కలు ఇచ్చి, అవునవును అని నేనూ తలాడించాను.

గ్లెన్ పదహారేళ్ళకే ఇల్లు వదిలి, ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో ఉంటూ పక్క జిల్లా జట్టుకి ఆడాడు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి జీతం తీసుకుని ఆడే స్థాయికి చేరాడు. పెద్ద లీగ్ కాదు, దానికి రెండు మెట్ల కింద. పన్నెండేసి గంటలు బస్సులో పడుకుని పోవడం, ఆడటం, మళ్ళీ బస్సెక్కడం. వేసవిలో ఇళ్ళ పైకప్పులు వేసే పనికి పోయేవాడు. వాడు గొప్ప ఆటగాడేం కాదు. అలా అంటే నాన్న నా మీదికొచ్చేవాడు గానీ నిజం అదే. కాకపోతే బిళ్ళని అందించడంలో మాత్రం వాడికి ఎవరూ వంకపెట్టలేరు. ఎవడు ఎటు పోతున్నాడో ముందే కనిపెట్టి, సరిగ్గా వాడి కర్ర కొసకి పంపేవాడు.

మావాడు ఎవరినీ కొట్టలేదని నేను అనను. గోడకేసి అదిమిన వాళ్ళున్నారు. ఒకసారి ఒక కుర్రాడి భుజం ఎముక విరగ్గొట్టాడు. ఆ వారమంతా వాడికి తిండి సహించలేదు. చివరికి ఫోన్ చేస్తే ఆ కుర్రాడు, ఏం పర్లేదు గ్లెన్, నేనే తల దించాను అన్నాడట. ఫోన్ పెట్టేసి, అమ్మ బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీ కుడుములు ముప్పై తిన్నాడు మా గ్లెన్. ఎంత హాయైన మాటో చూడండి అది, కొట్టినవాడికి.

రెండువేల ఏడు ఫిబ్రవరిలో గ్లెన్ జట్టు మాకు రెండు గంటల దూరంలో ఉన్న పట్నానికి ఆడటానికి వచ్చింది. నేనూ నాన్నా కారేసుకుని వెళ్ళాం. నాన్నకి కాళ్ళనొప్పులు, మెట్లెక్కలేక కింద ద్వారం దగ్గరే కుర్చీ వేయించుకున్నాడు. నేను పైన, ఆ ఊరి జనం మధ్య కూర్చున్నాను. రెండో భాగం సగంలో గ్లెన్ గోడ పక్కనుంచి బిళ్ళ తీసుకుని అవతలి చివరికి పంపాడు. అవతలి జట్టులో కర్ట్ ఫ్రీసెన్ అని ఇరవై నాలుగేళ్ళవాడు, వాడిదీ మా జిల్లాయే, అడ్డంగా దూసుకొచ్చి భుజంతో గ్లెన్ దవడ మీద కొట్టాడు. హెల్మెట్ ఊడి పది గజాల అవతల పడింది. రింక్ అంతా లేచి నిలబడి అరిచింది. గ్లెన్ లేవలేదు.

మూడో రోజుకి వాడిని ఇంటికి తెచ్చుకున్నాం. వెలుతురు పడితే వాంతులు, చెంచా చప్పుడైతే చెవులు మూసుకోవడం. ఆ మధ్యాహ్నమే లీగ్ వాళ్ళు ఫోన్‌లో విచారణ పెట్టారు. దానికి గంట ముందు కర్ట్ బీరు డబ్బాల పెట్టె ఒకటి పట్టుకుని మా గుమ్మంలో దిగాడు. తలకి దెబ్బ తగిలి వాంతులు చేసుకుంటున్నవాడికి బీరు. మావైపు క్షమాపణ అంటే అదే మరి, ఎవరినేమనాలి? వాడు మంచం అంచున కూర్చుని, పెద్ద లీగ్ నుంచి తనకి పిలుపు రాబోతోందనీ, ఇప్పుడు పెద్ద శిక్ష పడితే అంతే సంగతులనీ చెప్పుకొచ్చాడు. కావాలని కొట్టాడని తేలితే ఆ ఏడాదంతా ఆడనివ్వరు. పొరపాటున తగిలిందంటే నాలుగైదు మ్యాచ్‌లతో పోతుంది.

"నువ్వు తల దించావన్నా. నేను ఆగేలోపే తగిలేసింది" అన్నాడు కర్ట్, మొహం నేలకేసి.

గ్లెన్ కళ్ళు మూసుకునే, "అవునులే, నాకు తెలుసు" అన్నాడు.

గుమ్మం దగ్గర నాన్న ఉన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే నేను పైనుంచి చూశాను. గ్లెన్ తల ఎత్తే ఉంది. తాను పంపిన బిళ్ళ సరిగ్గా చేరిందా లేదా అని దాని వంకే చూస్తున్నాడు. అది వాడి దగ్గర లేనే లేదు, ఎప్పుడో పోయింది. బిళ్ళ లేనివాడిని కొట్టడం ఆటలో నేరం. నేను నోరు తెరిచేలోపు నాన్న నా మోచెయ్యి పట్టుకుని, మనింట్లో ఏడుపుగొట్టువాళ్ళు లేరు అన్నాడు నెమ్మదిగా. నేను నోరు మూసుకున్నాను. నాన్న మాటకి భయపడే మూసుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

విచారణప్పుడు ఫోన్ గ్లెన్ చెవి దగ్గర పట్టుకున్నది నేనే. శిక్షలు వేసే ఆయన, ఏం జరిగింది గ్లెన్ అని మర్యాదగానే అడిగాడు. "తప్పు నాదేనండి. తల దించుకుని ఉన్నాను. అతను గట్టిగా కొట్టాడు, కానీ న్యాయంగానే కొట్టాడు" అన్నాడు మావాడు. ఆయన చాలా పెద్దమనసు గ్లెన్ అని మెచ్చుకున్నాడు. నాలుగో ఐదో పడాల్సిన శిక్ష మూడుకి దిగింది. కర్ట్ ఏడాది తిరక్కుండా పెద్ద లీగ్‌కి వెళ్ళాడు.

గ్లెన్ మళ్ళీ మంచు మీద కాలు పెట్టలేదు. ఎండలో మెరిసే మంచు చూస్తే చాలు, వాడి కళ్ళల్లోంచి నీళ్ళు ధారకట్టేవి. పైకప్పుల పనికి పోతే నిచ్చెన మీద కళ్ళు తిరిగాయి. ట్రాక్టర్ల దుకాణంలో విడిభాగాలు సర్దే పని ఇప్పిస్తే, ఏ మరలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి, అడిగినవాడి మీద గొడ్డలంత రెంచీ విసిరాడు. పిల్లి మీద కూడా చెయ్యెత్తని మనిషి. పెళ్ళాం జనీన్ మూడేళ్ళు ఓర్చుకుని, కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయింది. అప్పట్లో దాన్ని నేను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు తిట్టను. వాడు నా ఇంటికి వచ్చి పడ్డాక తెలిసింది, ఆ పిల్ల మూడేళ్ళు ఎలా పడిందో.

నాన్న పెట్టిన బాధ ఇంకోటి. ప్రతి ఆదివారం భోజనం దగ్గర, ఎన్నిసార్లు నేర్పానురా నీకు, ఐదేళ్ళప్పటి నుంచి నేర్పానే అనేవాడు. కోపంతో కాదు, బాధతోనే అనేవాడు. గ్లెన్ తల ఊపేవాడు. నేను గిన్నెలు తీసుకుని వంటగదిలోకి పోయేదాన్ని. కొడుకు తన పాఠం మర్చిపోయి తన బతుకు తానే పాడుచేసుకున్నాడన్న దిగులుతోనే నాన్న పోయాడు.

ఎనిమిదేళ్ళ తర్వాత కర్ట్ మళ్ళీ కొట్టాడు. పెద్ద లీగ్‌లో కొన్నేళ్ళు ఆడి, మోకాళ్ళు అరిగి, పాత లీగ్‌కే దిగొచ్చాడు వాడు. ఈసారి దెబ్బ తిన్నది రెమీ గానియర్ అని ఇరవై ఏళ్ళ పిల్లాడు. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతింది. మెడ కిందనుంచి కదలిక లేదు. విచారణకి ముందు రెమీ తల్లి ఇవెట్ పక్క రాష్ట్రం మానిటోబా నుంచి ఎనిమిది గంటలు తనే కారు నడుపుకుంటూ మా ఇంటికొచ్చింది. చిన్నగా, బక్కపల్చగా ఉన్న మనిషి. కాఫీ ఇస్తే చేతులు వెచ్చబెట్టుకుందే గానీ తాగలేదు.

ఆవిడ వచ్చిన పని ఒక్కటే. కర్ట్ తరపు వకీలు విచారణలో గ్లెన్ మాటనే పెట్టబోతున్నాడు. కర్ట్ కావాలని కొట్టే రకం కాదు, వెనక ఒకసారి దెబ్బ తిన్న మనిషే తప్పు తనదని ఒప్పుకున్నాడు చూడండి అని. గ్లెన్ ఆ మాట వెనక్కి తీసుకుంటే, ఇది కావాలని కొట్టిన రెండో దెబ్బ అవుతుంది. రెండోదానికి జీవితాంతం నిషేధం. తీసుకోకపోతే ఏడెనిమిది మ్యాచ్‌లు. నా కొడుకు ఎలాగూ లేవడు, వీడు ఇంకొకణ్ణి పడుకోబెట్టకుండా చూడండి అంది ఆవిడ.

ఆ పాత మ్యాచ్ వీడియో కూడా తెచ్చింది. అందులో దెబ్బ కనిపించదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేమని లీగ్ వాళ్ళు అప్పట్లోనే పక్కన పడేశారు. గ్లెన్ తెర వంక చూడలేడు గనక నన్ను చూడమంది. ఆ రింక్‌లో పైకప్పు కింద ఒకటే కెమెరా, అది బిళ్ళ వెంటే తిరుగుతుంది. గ్లెన్ బిళ్ళని పంపాడు, కెమెరా దాని వెనక పోయింది, గ్లెన్ తెర మీదనుంచి తప్పుకున్నాడు. ఆ తర్వాత జనం అరుపు.

"కెమెరా గ్లెన్‌ను వదిలేసి ఎందుకు పోయిందండీ?" అంది ఇవెట్. "బిళ్ళ వెళ్ళిపోయింది గనక. దెబ్బ ఆ తర్వాత తగిలింది గనకే మనకి కనబడటం లేదు."

ఎనిమిదేళ్ళుగా ఇంతమంది మగాళ్ళు చూసిన వీడియో అది. గ్లెన్ టేబుల్ గీతలు చూస్తూనే, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు.

"నాకసలు ఆ దెబ్బ గుర్తులేదండి. అప్పుడూ లేదు. ఆ రోజు పొద్దున బస్సు దిగడం తర్వాత ఇక్కడ మంచం మీద కళ్ళు తెరవడమే గుర్తు. తల దించావని కర్ట్ అన్నాడు. దించే ఉంటాననుకున్నాను. అందరూ అలాగే అంటారు కదా."

ఇవెట్ నా వైపు తిరిగింది. మీరు ఆ రోజు అక్కడే ఉన్నారటగా, మీకేం కనబడింది అని అడిగింది. చెప్పాల్సిన క్షణం అదే. పైన కూర్చున్నాను, అంత దూరం నుంచి ఏం కనబడుతుందండీ అన్నాను. ఆవిడ వెళ్ళేటప్పుడు గ్లెన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

ఈసారి విచారణకి గ్లెన్ తనే ఫోన్ పట్టుకున్నాడు. చెప్పాల్సిన మాటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో నా చేత రాయించుకున్నాడు, మధ్యలో మర్చిపోకుండా. తనకి ఆ దెబ్బ గుర్తులేదనీ, తప్పు నాదేనని తెలియకుండానే చెప్పాననీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాననీ చదివాడు. తడబడకుండా చదివాడు. నాకు వాడిని చూస్తే గర్వంగా అనిపించింది.

శిక్షలు వేసే మనిషి అప్పటి ఆయనే. కాస్త గొంతు సవరించుకుని, "గ్లెన్, మీ వైద్య పత్రాలు మా ముందున్నాయి. మీ మెదడు దెబ్బతిందనీ, జ్ఞాపకశక్తి సరిగ్గా లేదనీ మీ డాక్టర్లే రాశారు. ఇప్పుడు మీరు మార్చి చెబుతున్నది మేమెలా నమ్మమంటారు?" అన్నాడు.

"దెబ్బ తగిలిన మూడో రోజు నేను నా కూతురి పేరు కూడా చెప్పలేకపోయానండి. ఆ రోజు మాట నమ్మారు కదా" అన్నాడు గ్లెన్.

అది రికార్డులో ఉందండి అన్నాడాయన. అంతటితో అయిపోయింది. వీడియో సంగతి ఇవెట్ ఎత్తితే, కనబడని దెబ్బని కొలవలేమమ్మా అన్నారట. తల పగలగొట్టారు, పగిలిన తల చెప్పిన అబద్ధాన్ని బీరువాలో పెట్టుకున్నారు, అదే తల నిజం చెబితే పగిలిన తల మాట చెల్లదన్నారు. ఇంత చదువుకున్నవాళ్ళకి ఇందులో ఏ తప్పూ కనబడలేదు. కర్ట్‌కి ఎనిమిది మ్యాచ్‌లు వేశారు. మరుసటి ఏడాది వాడు ఆట మానేసి పిల్లలకి వేసవి శిబిరం పెట్టాడు. మొదటి వారం పాఠం, తల ఎత్తి ఆడటమట.

తీర్పు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కింది గదికి సూప్ తీసుకెళ్ళాను. గ్లెన్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. గిన్నె పక్కన పెట్టి, కూర్చో అక్కా అన్నాడు. వాడి గొంతులో ఏదో తేడా ఉంది. కూర్చున్నాను.

"ఆవిడ అడిగినప్పుడు నువ్వు అబద్ధం చెప్పావు. అబద్ధం చెబితే నువ్వు కప్పు కేసి చూస్తావు, చిన్నప్పటినుంచీ అంతే. నిజం చెప్పు. నా తల దించే ఉందా?"

"లేదురా. ఎత్తే ఉంది. బిళ్ళ ఎప్పుడో పోయింది" అన్నాను.

వాడు గొణుగుతున్నట్టుగా, నాన్నకి తెలుసా అన్నాడు. తెలియదన్నాను. మరి ఎందుకు చెప్పలేదు, అప్పుడే చెప్పి ఉంటే ఆ రెమీ ఇవాళ నడుస్తూ ఉండేవాడేమో కదా అన్నాడు. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగాడు. నాన్న మోచెయ్యి పట్టుకున్నాడని చెబుదామనుకున్నాను. కానీ ఎనిమిదేళ్ళు కాదు, నేను చచ్చేదాకా దాచుకుందామనుకున్నది బయటికొచ్చింది.

"దెబ్బ తగిలిన క్షణం నేనూ లేచి నిలబడ్డానురా. అందరితో పాటు చేతులెత్తి అరిచాను. తల ఎత్తి బిళ్ళ వంక చూస్తున్నవాడు పడ్డాడని చూశానే గానీ, ఆ పడ్డది ఎవరో చూసుకోలేదు. అబ్బ, ఏం కొట్టాడు అని సంతోషపడ్డాను. తర్వాత నీ చొక్కా మీద అంకె కనబడింది. నేను చూసింది చెప్పాలంటే ఇదీ చెప్పాల్సొస్తుందని నోరు మూసుకున్నాను."

గ్లెన్ కళ్ళద్దాలు తీశాడు. ఆ కాస్త వెలుతురుకే కళ్ళు చికిలించుకుంటూ నా వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి నా మోకాలి మీద తట్టాడు.

"దానికేముందిలే అక్కా" అన్నాడు. "మంచి దెబ్బ పడితే ఎవరైనా లేస్తారు. నీ తప్పేం లేదు."

సూప్ గిన్నె అందుకుని తాగడం మొదలుపెట్టాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే, ఆ గిన్నె నా మొహాన కొట్టి ఉంటే, నేను బతికిపోయేదాన్ని. వాడు తిట్టలేదు. ఇవాళ్టికీ తిట్టలేదు.